సూక్ష్మ శిలాజాలు చెప్పే వయసు, చెప్పని వయసు

సముద్రపు అడుగున పేరుకుని గట్టిపడిన సున్నపురాయికో బురదరాయికో వయసు కట్టవలసి వచ్చినప్పుడు, రేడియోధార్మిక పద్ధతి ఉండగా ఇబ్బంది ఏముందని చాలామంది అనుకుంటారు. అగ్నిపర్వత శిలలకు ఆ పద్ధతి చక్కగా పనికివస్తుంది. అవక్షేప శిలలో మాత్రం ఒక ఇసుక రేణువు వయసు కొలిస్తే ఆ రేణువు ఏ పాత శిల నుంచి ఊడి వచ్చిందో దాని వయసు తెలుస్తుందే తప్ప, అది సముద్రంలో చేరి పొరగా మారిన కాలం తెలియదు. ఆ కాలానికి సాక్ష్యం చెప్పగలిగినవి అప్పటి నీళ్లలో బతికి, చనిపోయి, ఆ బురదలోనే పూడిపోయిన జీవులు. పెద్ద గవ్వలు డ్రిల్లింగ్‌లో పైకి వచ్చే చిన్న రాతి ముక్కల్లో దొరకడం అరుదు, దొరికినా ముక్కలై ఉంటాయి. సూక్ష్మ శిలాజాలైతే చిటికెడు బురదలోనే వేలకొద్దీ ఉండవచ్చు. 1920ల నాటికి చమురు కంపెనీలు వీటి విలువ గుర్తించాయి. ఎస్తర్ యాప్లిన్, ఆల్వా ఎలిసర్, హెడ్విగ్ నికర్ అనే ముగ్గురు మహిళా శాస్త్రజ్ఞులు టెక్సాస్, లూసియానా తీర మైదానాల భూగర్భ పొరలను ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల శిలాజాల ఆధారంగా ఒకదానితో ఒకటి పోల్చి 1925లో ప్రచురించారు.

ఫొరామినిఫెరా ఏకకణ జీవులు. వీటిలో చాలావాటి గుల్ల కాల్షియం కార్బొనేట్‌తో తయారవుతుంది, పరిమాణం సాధారణంగా ఒక మిల్లీమీటరు లోపే. కోకోలిత్‌లు అంతకంటే ఎంతో చిన్నవి, కొన్ని మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రమే ఉండే, ఏకకణ శైవలాల ఒంటిమీది సున్నపు పలకలు. రేడియోలేరియా, డయాటమ్‌లు అనే మరో రెండు రకాల ఏకకణ జీవుల కవచాలు సిలికావి. కోనోడాంట్‌లు ట్రయాసిక్ యుగం చివరికి పూర్తిగా అంతరించిన జంతువులవి, ఫాస్ఫేట్‌తో ఏర్పడిన దంతాల వంటి అవయవాలు. వీటిని 1856లోనే వర్ణించినా, ఆ దంతాలు ఎలాంటి జంతువువో స్కాట్లండ్‌లో దొరికిన మెత్తని శరీరపు శిలాజం 1983లో వెలుగులోకి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. అయినా ఆ లోటు వయసు నిర్ణయానికి అడ్డు రాలేదు. జీవి ఏదో తెలియకపోయినా, దాని ఆకారాలు ఏ వరుసలో మారాయో తెలిస్తే ఈ పని జరిగిపోతుంది.

శిలాజం ఏ పదార్థంతో ఏర్పడిందన్న దాన్ని బట్టే దాన్ని రాతి నుంచి విడదీసే పద్ధతి ఉంటుంది. మెత్తని బురదరాయిని నీటిలోనో పలుచని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోనో నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి, మిగిలిన రేణువుల నుంచి ఫొరామినిఫెరాను తడి కుంచె మొనతో ఒక్కొక్కటిగా ఏరుతారు. గట్టి సున్నపురాయిని ఎసిటిక్ ఆమ్లంలో ఉంచితే సున్నం కరిగి కోనోడాంట్‌లు మిగులుతాయి. కోకోలిత్‌లకు ఇంత శ్రమ అక్కర్లేదు. కాస్త బురదను గాజు పలక మీద పలుచగా పులిమి, ధ్రువిత కాంతిలో సుమారు వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే చాలు.

ఇక అసలు సూత్రం. ఒక జాతి పుట్టుక ఒక్కసారే జరుగుతుంది, అంతరించాక అదే జాతి తిరిగి రాదు. అందువల్ల దాని మొదటి దర్శనం, చివరి దర్శనం అనే రెండు హద్దులు రాతి పొరల్లో ఉంటాయి. వేర్వేరు జాతుల హద్దులను వరుసగా పేర్చితే జోన్‌లు, అంటే ఒక్కో కాలాన్ని సూచించే పొరల విభాగాలు, ఏర్పడతాయి. ఉదాహరణకు, సూడోఎమిలియానియా లకునోసా అనే కోకోలిత్ జాతి సుమారు 4.4 లక్షల ఏళ్ల క్రితం కనుమరుగైంది, నేటి సముద్రాల్లో విస్తారంగా ఉన్న ఎమిలియానియా హక్స్‌లేయి సుమారు 2.9 లక్షల ఏళ్ల క్రితం కనిపించసాగింది. ఈ రెండూ లేని అంతరాన్ని 1971లో మార్టిని అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన జోన్‌ల వరుసలో ఎన్ఎన్20 అంటారు. రెండు జాతులు లేకపోవడమే గుర్తుగా నిలిచిన జోన్ ఇది. ఇటువంటి జోన్‌ను నేను ఎప్పుడూ కొంచెం అనుమానంతోనే చూస్తాను. ఉన్నదాన్ని చూపించవచ్చు గానీ, లేనిది నిజంగా లేదా, కరిగిపోయిందా, మన కంటికి ఆనలేదా అన్నది తేల్చడం కష్టం. పైగా హక్స్‌లేయి పలకలు ఎంత చిన్నవంటే, వాటిని గట్టిగా గుర్తించాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావలసి వస్తుంది.

పైన రాసిన లక్షల ఏళ్ల లెక్క శిలాజం చెప్పినది కాదు. శిలాజం చెప్పేది ముందు వెనుకల క్రమం మాత్రమే. అంకెలు వేరే చోటి నుంచి వస్తాయి: అదే వరుసలో ఉన్న అగ్నిపర్వత బూడిద పొరల నుంచి, భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారైన ఆనవాళ్ల నుంచి, భూకక్ష్య మార్పుల వల్ల అవక్షేపాల్లో పునరావృతమయ్యే చారల నుంచి. ఒకసారి ఆ ముడి పడ్డాక, బూడిద పొర లేని మరో సముద్రంలో కూడా అదే శిలాజం ఆ అంకెను మోసుకుపోగలదు. సముద్రపు అడుగును తవ్వి నమూనాలు తీసే గ్లోమార్ చాలెంజర్ నౌక 1968 డిసెంబరులో మొదలుపెట్టి దక్షిణ అట్లాంటిక్‌లో సాగించిన మూడవ యాత్ర ఇందుకు గొప్ప నిదర్శనం. మధ్య అట్లాంటిక్ పర్వతశ్రేణి నుంచి దూరం పెరిగే కొద్దీ, సముద్రపు అడుగు శిలకు ఆనుకుని ఉన్న అవక్షేపం వయసు క్రమంగా పెరుగుతోందని అందులోని సూక్ష్మ శిలాజాలు చూపించాయి. లెక్క వేస్తే సముద్రపు అడుగు ఆ శ్రేణికి ఒక్కో వైపు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున విస్తరిస్తోందని తేలింది. ధ్రువాల తారుమారు వల్ల అడుగు శిలల్లో ఏర్పడిన అయస్కాంత చారలను బట్టి ముందే వేసిన అంచనాతో అది సరిపోయింది.

ఇంత నమ్మకమైన సాక్షి కూడా తప్పుదారి పట్టించగలదు. పాత పొరలు కోతకు గురైతే వాటిలోని శిలాజాలు కొత్త బురదలో చేరి, దాని వయసును పెంచి చూపిస్తాయి. చమురు బావుల్లో ఇబ్బంది దీనికి తిరగబడి ఉంటుంది. బావి గోడ నుంచి పై పొరల ముక్కలు రాలి కింది ముక్కల్లో కలుస్తాయి కాబట్టి, ఒక జాతి ఎంత లోతు వరకు కనిపించిందన్నది అక్కడ నమ్మదగినది కాదు. అందుకే డ్రిల్లింగ్ కిందికి సాగుతుండగా ఒక జాతి మొదటగా ఎదురైన లోతును, అంటే కాలక్రమంలో దాని చివరి దర్శనాన్ని, ఎక్కువగా వాడతారు. లోతైన సముద్రంలో మరో చిక్కు ఉంది. సుమారు నాలుగైదు కిలోమీటర్ల కింద సున్నపు గుల్లలు కరిగిపోతాయి గనుక అక్కడ రేడియోలేరియా వంటి సిలికా కవచాలే దిక్కు. అన్నిటికంటే సూక్ష్మమైనది వలస సమస్య. గ్లోబొరొటాలియా ట్రంకటులినాయిడెస్ అనే జాతి నైరుతి పసిఫిక్‌లో ముందు కనిపించి, మిగతా సముద్రాలకు లక్షల ఏళ్ల తరువాత చేరింది. దాని మొదటి దర్శనాన్ని అన్ని చోట్లా ఒకే తేదీగా తీసుకుంటే లెక్క తప్పుతుంది.

పర్మియన్, ట్రయాసిక్ యుగాల సరిహద్దును నిర్వచించిన తీరులో క్రమం చెప్పడం, అంకె ఇవ్వడం అనే రెండు పనుల విభజన స్పష్టంగా కనిపిస్తుంది. చైనాలోని మెయ్‌షాన్‌లో, 27సి అనే పొరలో హిండియోడస్ పార్వస్ అనే కోనోడాంట్ మొదటగా కనిపించే చోటును ఆ సరిహద్దుగా 2001లో అంతర్జాతీయంగా ఖరారు చేశారు. గీత ఎక్కడ గీయాలో చెప్పింది కోనోడాంట్. దాని కిందా పైనా ఉన్న 25, 28 సంఖ్యల బూడిద పొరల్లోని జిర్కాన్ అనే ఖనిజ రేణువుల వయసును రేడియోధార్మిక పద్ధతిలో కొలిచాకే, ఆ గీతకు సుమారు 25.19 కోట్ల ఏళ్లు అన్న అంకె కుదిరింది.