రువాండాలో తొమ్మిది రోజులు, ఒక గంట

2023 జూలై ఆఖరి శుక్రవారం రాత్రి నా భార్యా నేనూ ముంబై నుంచి అడిస్ అబాబా మీదుగా రువాండా రాజధాని కిగాలీలో దిగాము. వీసా విమానాశ్రయంలోనే ఇచ్చారు. నెల ముందే హైదరాబాదు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో యెల్లో ఫీవర్ టీకా వేయించుకుని, వేసుకున్నట్టు చూపే పసుపుపచ్చ కార్డు తీసుకున్నాము. తిరిగి వచ్చేటప్పుడు మన అధికారులే దాన్ని అడుగుతారు కాబట్టి ఆఫ్రికా ప్రయాణం పెట్టుకున్నవారు ఈ పని ముందే ముగించుకోవడం మంచిది.

శనివారం ఉదయమే తూర్పున ఉన్న అకగేరా జాతీయ వనానికి బయలుదేరాలని మా ఏర్పాటు. ఎనిమిదింటికి సామానుతో కిందికి దిగితే, పదకొండు దాటేదాకా కారు కదలదని హోటల్ వారు చెప్పారు. ప్రతి నెలా చివరి శనివారం అక్కడ ‘ఉముగండా’, అంటే ఊరంతా కలిసి చేసే శ్రమదానం. దుకాణాలు మూసేస్తారు, రోడ్ల మీద వాహనాలు నిలిచిపోతాయి, పద్దెనిమిది నుంచి అరవై అయిదేళ్ల మధ్య వయసువారు కాలువలు తీయడానికీ మొక్కలు నాటడానికీ బయటికి వస్తారు. ప్రయాణం కుదిర్చిన ఏజెంటు ఈ ముక్క మాకు చెప్పలేదు. మొదట కోపం వచ్చినా, వరండాలో కూర్చుని ఎదురు కొండ మీద పారలు లేచి దిగుతుండడం చూస్తూ ఉంటే ఆ కోపం నిలవలేదు. అకగేరా మరునాటికి వాయిదా పడింది. ఆ మధ్యాహ్నం నగరంలోనే గిసోజీ కొండ మీద ఉన్న స్మారక కేంద్రానికి వెళ్లాము.

1994 ఏప్రిల్ 7 నుంచి దాదాపు వంద రోజుల పాటు సాగిన జాతి హననంలో ఎనిమిది లక్షల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు టుట్సీ జాతివారు, చంపినవారు హుటూ జాతిలోని తీవ్రవాదులు. చనిపోయినవారిలో, చంపడానికి ఒప్పుకోని హుటూలు కూడా ఎందరో ఉన్నారు. గిసోజీలోని సమాధులలో రెండున్నర లక్షల మందికి పైగా ఉన్నారు. బెల్జియం పాలకులు 1930లలో ప్రతి మనిషికీ ఇచ్చిన గుర్తింపు కార్డు మీద జాతి పేరు రాయడం, అరవై ఏళ్ల తరువాత రోడ్డు మీద అడ్డుగా నిలబడినవాడికి ఎవరిని వదలాలో ఎవరిని నరకాలో చెప్పే కాగితంగా అదే కార్డు మారడం లోపలి గదులలో వరుసగా చూపించారు. పిల్లల గదిలో ఒక్కో ఫొటో కింద ఆ బిడ్డ పేరు, వయసు, ఇష్టమైన తిండి, ఇష్టమైన బొమ్మ, చివరగా ఎలా చంపారు అన్నది రాసి ఉంటుంది. నా భార్య మూడో ఫొటో దగ్గరే ఆగిపోయి బయటికి వెళ్లి కూర్చుంది. నేను కూడా చివరిదాకా చదివానని చెప్పలేను.

రువాండా విస్తీర్ణం 26,338 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో నాలుగో వంతు కూడా లేదు. అయినా ఎక్కడికి వెళ్లినా పూట పట్టేస్తుంది. వేయి కొండల దేశమన్న పేరు వట్టిదేమీ కాదు. తిన్నగా వంద గజాలు సాగే దారి అరుదు, ప్రతి వాలు మీదా అరటి, చిక్కుడు, జొన్న. ప్లాస్టిక్ సంచులను 2008లోనే నిషేధించారు కాబట్టి దారి పక్క చెత్త కనిపించదు. మోటారు సైకిల్ టాక్సీవాడు తన శిరస్త్రాణంతో పాటు ఎక్కేవాడికీ ఒకటి తెస్తాడు.

అకగేరా గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే కెన్యా, టాంజానియా చూసినవారికి ఇక్కడి జంతువుల సంఖ్య తక్కువగానే తోస్తుంది. ఈ వనం పడి లేచిన కథే నాకు ఎక్కువ నచ్చింది. 1994 తరువాత తిరిగి వచ్చిన కాందిశీకులు పశువులతో ఇక్కడే స్థిరపడ్డారు, వనం దాదాపు సగానికి కుదించుకుపోయింది, సింహాలు ఒక్కటీ మిగలలేదు. 2015లో దక్షిణాఫ్రికా నుంచి ఏడు సింహాలను, 2017లో పద్దెనిమిది నల్ల ఖడ్గమృగాలను తెచ్చి వదిలారు. మాకు సింహం కనిపించలేదు. ఇహేమా సరస్సులో పడవ మీద తిరుగుతుంటే నీటిగుర్రాలు మాత్రం ఇక చాలనిపించేంతగా కనిపించాయి.

తిరుగుదారిలో కిబుంగో దాటి, టాంజానియా సరిహద్దుకు పోయే రోడ్డు పక్కన న్యకరంబిలో ఆగాము. అక్కడి స్త్రీలు ‘ఇమిగోంగో’ అనే పేడ చిత్రాలు చేస్తారు. ఈ కళ 1994లో దాదాపు తుడిచిపెట్టుకుపోతే, బతికి బయటపడిన ఆడవాళ్లు మళ్లీ నిలబెట్టుకున్నారు. ఒకావిడ చెక్క పలకను ఒళ్లో పెట్టుకుని, ఆవుపేడలో బూడిద కలిపి మెత్తగా పిసికి, చిటికెడు చిటికెడుగా తీసి, చూపుడు వేలితో గట్టులా నిలిపి అతికిస్తున్నది. ముందుగా బొగ్గుతో గీసుకున్న గీత మీదే గట్టు నడుస్తుంది. గట్టుకూ గట్టుకూ మధ్య ఎడం అంతటా ఒకటే, కొలబద్ద ఎక్కడా లేదు. ఎండాక గరుకు కాగితంతో రుద్ది నలుపు, తెలుపు, ఎరుపు రంగులు వేస్తారు. చుక్కల ముగ్గులో మెలిక తిరిగినట్టే ఆ గీతలూ తిరుగుతున్నాయి. మా ఊరిలో పేడ అలుకూ ముగ్గూ వేర్వేరు పనులు. వీళ్లకు రెండూ ఒకటే. జానెడు పలక ఒకటి కొన్నాము.

న్యాంజాలో పాత రాజుల గడ్డి కప్పు నివాసాన్ని మళ్లీ కట్టి చూపుతున్నారు. పాలకు ప్రత్యేకంగా ఒక గుడిసె, అరటి బీరుకు ఒక గుడిసె. పెరట్లో ‘ఇన్యాంబో’ ఆవులు, వాటి కొమ్ములు బారెడు పొడవు. కాపరి పాట ఎత్తుకోగానే ఒక ఆవు తల తిప్పి అతని దగ్గరికి నడిచి వచ్చింది. ఆ సాయంత్రం ‘ఇకివుగుటో’ అనే పులిసిన పాలు తాగాము. చిక్కటి మజ్జిగే అది, ఉప్పూ అల్లమూ లేని లోటు తప్ప.

నైరుతిన ఉన్న న్యుంగ్వే వెయ్యి చదరపు కిలోమీటర్ల కొండ అడవి. మేము వచ్చిన రెండు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరులో, అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అడవి నడుమ ఉన్న శిఖర రేఖకు ఒక పక్క పడిన వాన కాంగో నదికీ, రెండో పక్క పడినది నైలు నదికీ వెళుతుంది. చెట్ల కొసల మీదుగా వేలాడే నడక వంతెన ఎత్తైన చోట నేలకు సుమారు డెబ్బై మీటర్ల పైన ఉంటుంది. ప్రతి అడుగుకూ ఊగుతుంది. కింద చెట్టంత ఎత్తున పెరిగిన ఫెర్న్‌లు పరిచిన గొడుగుల్లా కనిపించాయి. కిందికి చూడవద్దని అందరూ చెబుతారు గాని, చూడకపోతే అంత దూరం వెళ్లడమెందుకు?

అక్కడి నుంచి ఉత్తరానికి కివూ సరస్సు ఒడ్డునే కరోంగి చేరాము. ఈ సరస్సు అడుగున మీథేన్ వాయువు కరిగి ఉంది, దానితో విద్యుత్తు తీస్తున్నారు. పొద్దు వాలాక జాలర్లు మూడేసి పడవలను పొడవాటి నీలగిరి కర్రలతో కలిపి కట్టి, ముందూ వెనకా దీపాలు వేలాడదీసి, పాడుతూ తెడ్లు వేస్తూ వెళ్లారు. పాట చెవికి అందనంత దూరం పోయాక కూడా మధ్యమధ్య వాళ్ల ఈలలు వినిపించాయి. దీపాల వెలుగుకు వచ్చే ‘సంబాజా’ అనే చిన్న చేపలను కరకరలాడేలా వేయిస్తారు. నెత్తళ్ల వేపుడు తినేవారికి కొత్తగా ఏమీ ఉండదు, కారం తక్కువన్న ఫిర్యాదు తప్ప.

ఇక విరుంగా పర్వతాలలోని వోల్కనోస్ జాతీయ వనంలో ఉండే గొరిల్లాలు. అనుమతి పత్రం ఒక్కొక్కరికి 1,500 డాలర్లు, అప్పటి లెక్కలో లక్షా ఇరవై వేలకు పైనే. వెళ్లాలా వద్దా అని ఇంట్లో నెల రోజులు వాదించుకున్నాము. ఒక్కో గొరిల్లా కుటుంబాన్ని రోజుకు ఎనిమిది మందికి మించి చూడకూడదు, అదీ ఒక గంటే. మనుషుల జలుబు కూడా వాటికి ప్రాణాంతకం కావచ్చు గనుక ఈ కట్టడి. ఆ వనం ఆదాయంలో పదో వంతు చుట్టుపక్కల గ్రామాలకు చేరుతుంది.

ఉదయం ఏడింటికి ముసాంజే దగ్గరి కినిగిలో ఎనిమిదేసి మందిని ఒక్కో జట్టుగా విడదీశారు. నా మోకాళ్ల సంగతి చెప్పుకోగా మరీ దూరం కాని కుటుంబాన్ని కేటాయించారు. బంగాళాదుంప చేల మధ్య నడిచి, అడవి దున్నలు పొలాల్లోకి రాకుండా కట్టిన రాతి గోడ దాటగానే వెదురు అడవి మొదలైంది. దురద ఆకులు చేతి తొడుగులు దాటి కూడా కుట్టాయి. సంచీ మోయడానికి పెట్టుకున్న కుర్రవాడు నన్ను రెండుసార్లు బురదలో పడకుండా పట్టుకున్నాడు, మూడోసారి ఇద్దరమూ పడ్డాము. రెండు గంటలు నడిచాక, తెల్లవారకముందే జాడ తీస్తూ వెళ్లినవారు ఎదురయ్యారు. సంచులూ కర్రలూ అక్కడే పెట్టేసి మాస్కులు కట్టుకున్నాము.

మొదట చప్పుడే వినిపించింది, కాడలు విరిచి నమిలే చప్పుడు. గైడు గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు మూలిగాడు. వచ్చినది మనవాళ్లే అని చెప్పే పలకరింపట అది. పొదను కొడవలితో కొంచెం తప్పించగానే, ఏడెనిమిది గజాల దూరంలో వీపంతా నెరిసిన పెద్ద మగ గొరిల్లా కూర్చుని ఉన్నది. మనం చెరకు తొక్క పంటితో లాగినట్టే అడవి వామును పోలిన ఒక కాడ తొక్క లాగి, లోపలి గుజ్జు తిని, పీచు పక్కన పెట్టింది. దాని వేళ్ల గోళ్లు నల్లగా, బల్లపరుపుగా, అచ్చం వ్యవసాయం చేసే మనిషి గోళ్లలా ఉన్నాయి. ఒక్కసారి తల ఎత్తి మా వైపు చూసి, మళ్లీ తిండిలో పడింది. వెనక ఒక పిల్ల తల్లి వీపు మీది నుంచి జారి, ఎక్కి, మళ్లీ జారింది. మొదటి పది నిమిషాలు అందరమూ ఫోన్లలోనే చూశాము, తరువాత ఒక్కొక్కరే జేబులో పెట్టేసుకున్నారు.

1967లో కరిసోకె పరిశోధనా కేంద్రాన్ని స్థాపించి వీటి మధ్య బతికిన అమెరికన్ పరిశోధకురాలు డయాన్ ఫాసీ 1985లో హత్యకు గురైంది. ఆమె సమాధి ఆ కొండల మీదనే, వేటగాళ్లు చంపిన డిజిట్ అనే గొరిల్లా సమాధి పక్కన ఉన్నది. 1980లలో విరుంగా పర్వతాలలో రెండువందల యాభై వరకే మిగిలిన కొండ గొరిల్లాలు, ఉగాండాలోని బ్విండి అడవివాటితో కలిపి 2018 నాటికి వెయ్యి దాటాయి. గైడు చేతి గడియారం చూపించి ఇక చాలన్నాడు. ఎవరూ ఇంకో అయిదు నిమిషాలని అడగలేదు.

ఇంటికి వచ్చాక మా అమ్మకు ఫొటోలన్నీ చూపించాము. ఆమె ఓపికగా చూసింది గాని, ఎక్కువసేపు చేతిలో పెట్టుకున్నది న్యకరంబి పలకనే. బొటనవేలితో గట్లు తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని, “బూడిద కలిపారు కదరా, అందుకే పురుగు పట్టలేదు” అన్నది.