ఉన్నట్టుండి మూతి వంకరపోతే తప్పు వైరస్‌దేనా?

ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు వంగి, కన్ను మూతపడక, పుక్కిలించిన నీరు పెదవి చివరి నుంచి కారిపోతుంటే ఎవరికైనా మొదట కలిగేది పక్షవాతమన్న భయమే. ఆ భయం అనవసరమని నేను అనను. నుదురు మామూలుగానే ముడతలు పడుతూ ముఖం కింది భాగం మాత్రమే జారినా, చేయి, కాలు, మాటలో తేడా వచ్చినా అది మెదడుకు సంబంధించిన ప్రమాదం కావచ్చు. నుదుటితో సహా ముఖంలో ఒక సగం చచ్చుబడి, ఇతర కారణమేదీ కనబడనప్పుడు వైద్యులు దానిని బెల్స్ పాల్సీ అంటారు. ఈ తేడాను తేల్చవలసింది వైద్యులే కనుక, ఏ సందర్భంలోనైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కారణం కనబడదన్న మాటే గానీ, అనుమానం చాలాకాలంగా హెర్పిస్ సింప్లెక్స్ మొదటి రకం వైరస్ మీదే ఉంది. పెదవులపై పొక్కులు రేపే ఈ వైరస్, పొక్కులు మానిన తరువాత కూడా శరీరాన్ని విడిచిపోకుండా నాడీకణాలలో నిద్రాణంగా ఉంటుంది. ముఖ కండరాలను కదిలించే ముఖనాడి చెవి దగ్గరి ఎముకలో ఒకచోట మిల్లీమీటరు కన్నా సన్నని మార్గం గుండా సాగుతుంది కాబట్టి, వైరస్ తిరిగి విజృంభించి నాడి వాచిందంటే, ఆ వాపుకు చోటు లేక నాడి నొక్కుకుపోతుందని పరిశోధకుల ఊహ. 1996లో జపాన్ పరిశోధకులు 14 మంది బెల్స్ పాల్సీ రోగుల ముఖనాడిలోని ద్రవాన్ని, చెవి వెనుక కండరాన్ని పరీక్షించగా 11 మందిలో ఈ వైరస్ డీఎన్ఏ కనిపించింది. అయితే ఆరోగ్యవంతుల నాడీకణాలలోనూ ఇది దాగి ఉంటుంది గనుక, ఇంతటితో నేరం రుజువైనట్టు నేను భావించను.

ఆటలమ్మ వైరస్ విషయంలో మాత్రం సందేహం లేదు. అది తిరగబెట్టినప్పుడు చెవిలో తీవ్రమైన నొప్పి, పొక్కులతో పాటు ముఖం చచ్చుబడడాన్ని అమెరికా నాడీవైద్యుడు రామ్సే హంట్ 1907లోనే వర్ణించారు. ఇందులో కోలుకోవడం కష్టం. వైరస్ మందులు తప్పనిసరిగా ఇస్తారు.

బెల్స్ పాల్సీలో అలా కాదు. 2007లో వెలువడిన స్కాట్లండ్ అధ్యయనంలో, లక్షణాలు కనబడిన 72 గంటల లోపు, వాపును తగ్గించే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టిన వారిలో సుమారు 94 శాతం మంది తొమ్మిది నెలలకు పూర్తిగా కోలుకోగా, అది తీసుకోనివారిలో 82 శాతం మందే కోలుకున్నారు. వైరస్ మందైన ఎసైక్లోవిర్ వల్ల అదనపు మేలు కనబడలేదు. దీనితో వైరస్ నిర్దోషి అని తేలిపోదు. ముఖం వంగే సమయానికి వైరస్ తన పని ముగించి ఉండవచ్చు, మనకు మిగిలేది వాపును తగ్గించడమే కావచ్చు. అందుకే వైరస్ పేరు తేలేదాకా ఆగుదామని ఆ 72 గంటలను పోగొట్టుకోవద్దని నా విన్నపం. మధుమేహం ఉన్నవారు స్టెరాయిడ్‌కు ముందే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. మూతపడని కన్ను ఆరిపోయి నల్లగుడ్డు దెబ్బతినకుండా పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వాడి, వైద్యులు చూపిన పద్ధతిలో రెప్పను టేపుతో మూసి పడుకోవాలి.