చిటికి కట్టకముందే

మా అమ్మమ్మ ఆసు పోసేటప్పుడు, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టేటప్పుడు, పక్కనే కూర్చుని చూసేదాన్ని. అర్ధచంద్రాకారంగా వరుసగా దిగ్గొట్టిన మేకులకూ ఎదురుగా ఉన్న ఒంటి మేకుకూ మధ్య, ఒక చీరకు ఆమె చెయ్యి కొన్ని వేలసార్లు వెళ్లి రావలసి వచ్చేది. సాయంత్రమైతే భుజానికి నూనె రాయమనేది. ఆ చెయ్యి ఆగిన రోజున ఇంట్లో మగ్గం కూడా ఆగేది. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి పడే ఇదే బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే లక్ష్మి అని పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

అయితే ఒక నేత సంస్థ నిలదొక్కుకోవడానికి పని వేగం ఒక్కటే చాలదని, గిరాకీ మారితే తానూ మారే ఒడుపు కావాలని నేను నమ్ముతాను. ఒకప్పుడు చీరాల తేలియా రుమాళ్లు (నూనె పట్టించిన నూలుతో నేసే చదరపు బట్టలు) గల్ఫ్ దేశాలకు ఎగుమతి అయ్యేవి. ఆ గిరాకీ తగ్గిపోయినా పోగుకు ముడివేసి, అంటే చిటికి కట్టి, రంగు అద్దే ఇకత్ విద్య అంతరించలేదు. పోచంపల్లి నేతగాళ్లు దానిని పట్టు చీరకు, ఆ తరువాత దుప్పట్లకు, డ్రెస్ మెటీరియల్‌కు మళ్లించారు. సైకిల్ ట్యూబును సన్నగా కోసి ముడులకు వాడుకోవడం కూడా నా దృష్టిలో ఆ ఒడుపులో భాగమే.

మా బంధువులు సభ్యులుగా ఉన్న ఒక సహకార సంఘం మాత్రం ఎన్ని చీరలు నేశారన్నదే లెక్కగా పెట్టుకుంది. ఒక దుకాణం వారు కొద్దిపాటి దుపట్టాలు అడిగితే, కమిటీ సమావేశమై తీర్మానం చేసేలోగా ఆ ఆర్డరు ఒక మాస్టర్ వీవర్‌కు (నేతగాళ్లకు నూలు ఇచ్చి కూలికి నేయించే వ్యాపారికి) వెళ్లిపోయింది. సంఘం గోదాములో చీరలు మాత్రం పేరుకుపోయాయి. పోచంపల్లి ఇకత్‌కు 2005లో వచ్చిన భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది గానీ, అదే డిజైనును చవక బట్ట మీద అచ్చువేసి అమ్మేవారికంటే ముందుగా కొత్త డిజైనును అంగడికి చేర్చడం సంఘం చేతిలోనే ఉంది.

ఇకత్‌లో ముడి పడి రంగు ఎక్కిన తరువాత డిజైను మార్చడానికి వీలుండదు. కాబట్టి మారే అవకాశమంతా అంతకు ముందే ఉంటుంది, ఆ నిర్ణయం మగ్గానికి దగ్గరగా ఉన్నవారి చేతిలో ఉండాలి. మా పిన్ని ఇప్పుడు గ్రాఫ్ కాగితం మీద గీసిన డిజైను ఫోటోను వాట్సాప్‌లో దుకాణానికి పంపి, వాళ్లు రంగు చెప్పిన తరువాతే మొదటి ముడి వేస్తోంది.