మిట్టమధ్యాహ్నం ముహూర్తం, భీమిలి ఒడ్డున పెళ్లి ఫొటోలు

ముహూర్తం పగలు 11.52కి, పెళ్లి భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున అని ఫోన్‌లో చెప్పగానే నేను అడిగింది ఒక్కటే, "పందిరి పైన ఏం వేస్తున్నారు?" అని. మే రెండో వారంలో విశాఖ వైపు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. మనిషిని ఎటు తిప్పి నిలబెట్టినా కళ్ల గుంటల్లో నీడ, ముక్కు కింద నీడ. అందుకే కెమెరా కంటే ముందు పందిరి సంగతి తేలాలి.

పెళ్లికూతురి నాన్నగారికి కొబ్బరాకుల పందిరే కావాలి. చూడ్డానికి ఎంతో బాగుంటుంది కానీ, ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా ముఖాల మీద పడుతుంది. డెకరేషన్ వాళ్లేమో లోపల ఎర్ర గుడ్డ కడతామన్నారు. దాని కింద అందరి ముఖాలూ ఎర్రబడతాయి, మధుపర్కాల తెలుపూ మిగలదు. ఎడిటింగ్‌లో ఎంత తంటాలు పడినా ఆ రంగు పూర్తిగా పోదు.

"అంకుల్, పైన ఆకులు ఉండనివ్వండి, లోపల తెల్ల గుడ్డ కట్టిద్దాం" అని, రెండు పాత ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించాను.

"సరే బాబూ, అమ్మాయి ముఖం బాగా రావాలి, అంతే" అన్నారు.

పెళ్లి రోజు పందిట్లో వెలుగు మెత్తగా దొరికింది. ఇబ్బందల్లా వెనకున్న సముద్రంతోనే. ముఖాలకు సరిపడా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి తీసుకునే వెలుగు) పెడితే నీళ్లు, ఆకాశం తెల్లగా కొట్టుకుపోతాయి. అందుకే ఎక్స్‌పోజర్ బయటి ఎండకి తగ్గట్టు పెట్టి, ముఖాలకు ఫ్లాష్ వెయ్యాలి. అంత ఎండకి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100లో, లెన్స్ ఎఫ్ 2.8 అంత పెద్దగా తెరిచి ఉంచితే, షట్టర్ వేగం సెకనులో 3200వ వంతు (1/3200) దాకా వెళ్తుంది. మామూలుగా ఫ్లాష్ 1/200 లేదా 1/250 వేగం వరకే షట్టర్‌తో కలిసి పనిచేస్తుంది. ఫ్లాష్‌లో హై స్పీడ్ సింక్ అనే సెట్టింగ్ పెడితే ఆపైన కూడా పనిచేస్తుంది గానీ పవర్ బాగా పడిపోతుంది. అందుకని నా అసిస్టెంట్ ఫ్లాష్ చేత్తో పట్టుకుని పీటలకు వీలైనంత దగ్గరగా కూర్చున్నాడు. సముద్రపు గాలికి ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే గొడుగులు నిలవవు కాబట్టి వాటి జోలికి పోలేదు. ఎండలో స్క్రీన్ ఎలాగూ కనపడదు, ఫొటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో గీతల్లో చూపించే హిస్టోగ్రామ్‌నే నమ్ముకున్నాను.

జీలకర్ర బెల్లం దగ్గర ఒక విషయం గమనించాలి. మధ్యలో పట్టుకున్న తెల్లటి అడ్డుతెర అటు అమ్మాయికీ ఇటు అబ్బాయికీ రిఫ్లెక్టర్‌లా పనిచేస్తుంది. తెర తీయగానే ఆ వెలుగు పోతుంది. సరిగ్గా అప్పుడే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, ఆ చూపు మళ్లీ రాదు. తెర దించడానికి పంతులుగారు చెయ్యెత్తుతుండగానే ఎక్స్‌పోజర్ కాస్త పెంచి సిద్ధంగా ఉన్నాను. తలంబ్రాలకు మాత్రం ఆ ఎండే వరం. అంత వేగం షట్టర్‌తో పసుపు బియ్యం గింజ గింజా గాల్లో ఆగిపోయినట్టు వచ్చింది.

నాకు బాగా నచ్చింది అరుంధతీ దర్శనం. ఇద్దర్నీ పందిరి బయటికి తీసుకొచ్చారు. నడి ఎండలో ఫొటో ఏం వస్తుందని చుట్టాలు అన్నారు గానీ, సప్తర్షి మండలాన్ని చూపించేది ఉత్తరాన, సూర్యుడేమో నెత్తిన. పంతులుగారు చెయ్యి చూపిన వైపు అమ్మాయి ముఖం పైకెత్తగానే కళ్ల కింద నీడ మాయమైంది. కింద ఇసుక నుంచి కూడా వెలుగు గడ్డం కిందికి కొట్టింది. ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటో అది.

గ్రూప్ ఫొటోలన్నీ పందిరి అంచు నీడలోనే తీశాను. ఇసుక భయానికి లెన్సులు మార్చకుండా రెండు కెమెరాలు మెడలో వేసుకున్నాను. జంట ఫొటోలకు మాత్రం సాయంత్రం అయిదున్నరకి అరగంట కావాలని ముందే అడిగి ఉంచాను. మనది తూర్పు తీరం, ఆ వేళకి సూర్యుడు కొండల వైపు దిగిపోతాడు. నీళ్లు వెనక్కి వచ్చేలా నిలబెడితే ఎర్రెండ నేరుగా ముఖాల మీద పడుతుంది. పెళ్లి హడావిడిలో ఆ అరగంట ఎవరికీ గుర్తుండదు కాబట్టి, పెళ్లికూతురి పిన్నిగారికి చెప్పి పెట్టాను. అయిదుంపావుకే ఆవిడ ఇద్దర్నీ ఒడ్డుకు తీసుకొచ్చేశారు.