అంకె కంటే ముందు సెక్షను

పన్ను నోటీసు చేతికి వచ్చిన మనిషి ముందుగా చూసేది అడుగున వేసిన అంకెను. అంత ఎందుకు వేశారు, కట్టగలమా, ఎవరిని కలిస్తే తగ్గుతుంది అన్న ఆలోచనలన్నీ ఆ అంకె దగ్గరే మొదలవుతాయి. విశాఖపట్నంలో చిన్న వ్యాపారుల లెక్కలూ రిటర్నులూ చూసే వృత్తిలో ఉన్నాను కాబట్టి నేను నోటీసును పైనుంచి చదువుతాను. ఏ చట్టం, ఏ సెక్షను, ఏ హోదా గల అధికారి, ఏ కాలానికి, ఏ తేదీన అన్నవి చూశాకే అంకె దగ్గరికి వస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ‘ఇది న్యాయమేనా’ అని. కోర్టు అడిగేది ‘దీనికి అధికారం ఎక్కడుంది’ అని. మొదటి ప్రశ్న పట్టుకుని గెలిచిన కేసులు అరుదు. రెండో ప్రశ్న పట్టుకుని గెలిచినవి చాలా ఉన్నాయి.

ఆ రెండో ప్రశ్నకు మూలం రాజ్యాంగంలోని 265వ అధికరణం. అందులో ఉన్నది ఒక్కటే వాక్యం: శాసనాధికారం ఉంటే తప్ప ఏ పన్నునూ విధించరాదు, వసూలు చేయరాదు. విధించడం వేరు, వసూలు చేయడం వేరు అన్న సంగతిని ఆ వాక్యమే చెబుతోంది. విధింపు సక్రమమైనదే అయినా వసూలు పద్ధతి చట్టం చెప్పిన దారిలో లేకపోతే అది నిలవదు. శాసనం అంటే పార్లమెంటో, రాష్ట్ర శాసనసభో చేసిన చట్టం, దాని కింద సక్రమంగా జారీ అయిన నియమాలు, నోటిఫికేషన్లు. పైనుంచి వచ్చిన మెమోగానీ, సమీక్షా సమావేశంలో నిర్ణయించిన వసూళ్ళ లక్ష్యంగానీ శాసనం కావు. తనిఖీ సమయంలోనే వ్యాపారి చేత ‘స్వచ్ఛందంగా’ కట్టించుకున్న సొమ్మును వడ్డీతో తిరిగి ఇవ్వమని 2022లో వల్లభ్ టెక్స్‌టైల్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. బకాయి నిజంగా ఉందా లేదా అన్నది అక్కడ ముఖ్యం కాలేదు. స్వచ్ఛందంగా కట్టడానికి చట్టం నిర్దేశించిన పద్ధతి పాటించారా లేదా అన్నదే ముఖ్యమైంది.

చట్టం ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. 1985లో గోవింద్ శరణ్ గంగా శరణ్ కేసులో సుప్రీంకోర్టు పన్నుకు ఉండవలసిన నాలుగు అంగాలను చెప్పింది. ఏది జరిగితే లేక ఏది ఉంటే పన్ను పడుతుంది, ఎవరి మీద పడుతుంది, ఏ రేటున పడుతుంది, ఏ విలువకు ఆ రేటు కట్టాలి. వీటిలో ఏ ఒక్కటి చట్టంలో స్పష్టంగా, నిర్దిష్టంగా లేకపోయినా ఆ విధింపు చట్టం దృష్టిలో పన్ను కానేకాదు.

ఇంటికి వచ్చే ఆస్తి పన్ను డిమాండు కాగితాన్ని ఈ కొలతతోనే చదవవచ్చు. మధురవాడలో రెండంతస్తుల ఇల్లున్న పరిచయస్థుడొకాయన పన్ను మరీ ఎక్కువగా ఉందని ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అసెస్‌మెంటు నంబరు, డోరు నంబరు, నిర్మాణం రకం, విస్తీర్ణం, మూలధన విలువ (అంటే ఆస్తికి లెక్కగట్టిన విలువ), అర్ధ సంవత్సరపు పన్ను, అన్నీ వరుసగా ఉన్నాయి. ఆయన వేలు చివరి గడి మీద ఉంది. నా చూపు ‘వాడుక’ గడి మీద ఆగింది. కింది భాగాన్ని ఒకప్పుడు టిఫిన్ సెంటరుకు అద్దెకిచ్చారు. అది ఖాళీ అయి, ఆయన కొడుకే అక్కడ కాపురం ఉంటున్నా, వాడుక మారిందని ఈయన ఎక్కడా రాసివ్వలేదు. నివాసేతర వాడుకకు రేటు వేరు కనుక కాగితం మీద ఆ భాగం ఇంకా హోటలుగానే పన్ను మోస్తోంది. భవనం ఉంది, యజమాని ఉన్నాడు, విలువ కూడా సరిగ్గానే ఉంది. నాలుగు అంగాల్లో రేటు ఒక్కటే ఇప్పటి వాస్తవానికి అతకడం లేదు. ‘పన్ను తగ్గించండి’ అని పెట్టుకునే అర్జీకీ, ‘వాడుకను సరిచేయండి’ అని పెట్టుకునే అర్జీకీ ఎంత తేడా ఉందో ఆయనకు అప్పుడు అర్థమైంది.

ఈ ఆస్తి పన్ను మీదే మన నగరంలో పెద్ద వాదన నడిచింది. 2020 చివరలో రాష్ట్ర ప్రభుత్వం పురపాలక చట్టాలను సవరించి, వార్షిక అద్దె విలువ స్థానంలో మూలధన విలువను ప్రాతిపదికగా తెచ్చినప్పుడు కాలనీ సంఘాలు వీధికెక్కాయి. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళ నోట నేను తరచుగా విన్న వాదన ఒకటుంది. ఆస్తుల మూలధన విలువ మీద పన్ను వేసే అధికారం కేంద్రానిది కదా, రాష్ట్రం ఎలా వేస్తుంది అని. పైకి చూస్తే బలమైన మాటే. కేంద్ర, రాష్ట్రాల అధికారాలను పంచే రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో, కేంద్ర జాబితాలోని 86వ అంశం వ్యక్తుల, కంపెనీల ఆస్తుల మూలధన విలువ మీద పన్నును, వ్యవసాయ భూమిని మినహాయించి, కేంద్రానికే ఇచ్చింది. రాష్ట్ర జాబితాలోని 49వ అంశం భూములు, భవనాల మీద పన్నును రాష్ట్రానికి ఇచ్చింది. అయితే ఈ చిక్కు ముడి 1960లలోనే విడిపోయింది. మద్రాసు రాష్ట్రం మార్కెట్ విలువ ప్రాతిపదికగా వేసిన పట్టణ భూమి పన్నును బకింగ్‌హామ్ అండ్ కర్ణాటిక్ కంపెనీ సవాలు చేసినప్పుడు, 1969లో సుప్రీంకోర్టు ఆ పన్నును సమర్థించింది. కేంద్రం వేసేది మనిషికి ఉన్న మొత్తం ఆస్తుల విలువ మీద పన్ను. రాష్ట్రం వేసేది ఫలానా భూమి మీద, ఫలానా కట్టడం మీద నేరుగా పడే పన్ను. విలువ అన్నది ఆ పన్నును లెక్కగట్టడానికి వాడే కొలమానం మాత్రమే. పన్ను దేని మీద పడుతుంది అన్నదీ, దేనితో కొలుస్తారు అన్నదీ వేర్వేరు విషయాలు. కొలమానం మారినంత మాత్రాన పన్ను స్వభావం మారదు. ఈ ఒక్క భేదం పట్టుబడితే పన్ను చట్టంలో సగం తగాదాలు తేలిపోతాయని నా అభిప్రాయం.

కొలమానం ఎన్నుకోవడంలో శాసనసభకు చాలా వెసులుబాటు ఉన్నా, అది హద్దు లేనిది మాత్రం కాదు. తిరువాన్కూరు-కొచ్చిన్ భూమి పన్ను చట్టం పండే భూమికీ, పండని భూమికీ, అడవికీ తేడా లేకుండా ఎకరానికి 2 రూపాయల చొప్పున వేసింది. అడవి మీద వచ్చే ఆదాయాన్ని మించి పన్ను కట్టవలసి వచ్చిన మూపిల్ నాయరు వంటివాళ్ళు కోర్టుకు వెళ్ళగా, 1961 నాటి తీర్పుల రిపోర్టుల్లో కనిపించే ఆ సుప్రీంకోర్టు తీర్పు, సమానత్వానికి హామీ ఇచ్చే 14వ అధికరణం కింద పన్నును కొట్టివేసింది. అసమానులను ఒకే గాటన కట్టడం కూడా వివక్షే అని దాని సారాంశం. అయితే తరువాతి తీర్పులు పన్నుల విషయంలో వర్గీకరణకు ప్రభుత్వాలకు మరింత చోటిస్తూ వచ్చాయి. అందుచేత 14వ అధికరణం మీద మాత్రమే ఆశ పెట్టుకుని వచ్చేవారిని నేను ప్రోత్సహించను.

పన్నుకూ రుసుముకూ ఉన్న భేదాన్ని మన ఊరివాళ్ళకు వివరించడం ఈమధ్య సులువైంది. ‘చెత్త పన్ను’ అని జనం పిలిచినదాన్ని ప్రభుత్వం తన కాగితాల్లో యూజర్ ఛార్జీ, అంటే సేవ వాడుకున్నందుకు రుసుము, అంది. 2021లో మొదలుపెట్టి, ప్రభుత్వం మారాక ఎత్తివేసింది. చెత్త బండి రాని వీధివాళ్ళు ‘బండే రానప్పుడు ఎందుకు కట్టాలి’ అని అడిగేవారు. సేవకు బదులుగా తీసుకునే రుసుము విషయంలో ఆ ప్రశ్నకు చట్టంలో చోటుంది. అదే ప్రశ్నను ఆస్తి పన్ను విషయంలో అడిగితే చోటు లేదు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం పన్ను అంటే ప్రభుత్వాధికారం ప్రజాప్రయోజనాల కోసం చట్టబలంతో నిర్బంధంగా తీసుకునే సొమ్ము. అది ఫలానా సేవకు ప్రతిఫలం కాదు. కనుక వీధి దీపం వెలగలేదని ఆస్తి పన్ను ఆపడానికి వీలులేదు. రుసుముకు సేవతో సంబంధం ఉండాలి. కానీ ఆ సంబంధం పైసాకు పైసా తూగనక్కరలేదని 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో, మన రాష్ట్రపు మార్కెట్ యార్డుల రుసుమును సమర్థిస్తూ, అదే కోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పు తరువాత రుసుమును సవాలు చేయడం కష్టమైంది. నా దృష్టిలో అది రుసుము పేరుతో పన్నులు వేసుకోవడానికి స్థానిక సంస్థలకు తలుపు కొంచెం ఎక్కువగానే తెరిచింది.

నావికాదళం, రైల్వే, పోర్టు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు మనది కాబట్టి ఇంకొక ప్రశ్న కూడా వస్తుంటుంది. వాళ్ళెవరూ ఆస్తి పన్ను కట్టరా అని. కేంద్రానికి చెందిన ఆస్తికి రాష్ట్రంగానీ, రాష్ట్రంలోని స్థానిక సంస్థగానీ పన్ను వేయరాదని 285వ అధికరణం చెబుతుంది. రైల్వే, నావికాదళం ఆస్తులు అందులోకి వస్తాయి. నీళ్ళు, రోడ్లు వంటి సేవలకు మాత్రం ఒప్పందం మీద సేవా ఛార్జీ తీసుకునే పద్ధతి ఉంది. ఉక్కు కర్మాగారం వంటి ప్రభుత్వ కంపెనీ సంగతి వేరు. వాటాలన్నీ కేంద్రానివే అయినా కంపెనీ ఆస్తి కంపెనీదే అవుతుంది తప్ప కేంద్రానిది కాదని 1982 నాటి రిపోర్టుల్లో కనిపించే వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ తీర్పులో తేలింది.

చట్టాన్ని చదివే పద్ధతికి వస్తే, పన్ను చట్టంలో ఊహకూ ఉద్దేశానికీ చోటు లేదని, పన్నుకు సమన్యాయంతో పని లేదని 1921లో ఇంగ్లండులో జస్టిస్ రౌలట్ చెప్పిన సూత్రాన్ని మన కోర్టులు ఇప్పటికీ ఉటంకిస్తాయి. పన్ను వేసే సెక్షనులో రెండు అర్థాలు వస్తే లాభం పన్ను కట్టేవాడిది. కానీ మినహాయింపు ఇచ్చే నోటిఫికేషనులో రెండు అర్థాలు వస్తే లాభం ప్రభుత్వానిదని 2018లో దిలీప్ కుమార్ అండ్ కంపెనీ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. నోటిఫికేషను రాసేది ప్రభుత్వమే. దాన్ని తికమకగా రాసినందుకు నష్టపోయేది వ్యాపారి కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ చట్టం అదే కనుక, మినహాయింపు మీద ఆధారపడి ధర నిర్ణయించుకునే ముందు దాని ప్రతి షరతునూ కాగితం మీద నిరూపించగలరా అని నా దగ్గరికి వచ్చినవాళ్ళను గట్టిగానే అడుగుతాను.

చట్టం లోపల ఉంటూ పన్ను తగ్గించుకోవడం ఎంతవరకు సబబు అన్నదానికి తెలుగు నేలమీద పుట్టిన కేసే గుర్తుకు వస్తుంది. మెక్‌డోవెల్ కంపెనీ మద్యం కొనేవాళ్ళ చేత ఎక్సైజు సుంకాన్ని నేరుగా ఖజానాకు కట్టించి, ఆ సొమ్ము తన టర్నోవరులో భాగం కాదని, దానిపై అమ్మకం పన్ను పడదని వాదించింది. 1985లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి విడిగా రాసిన అభిప్రాయంలో పన్ను తప్పించుకునే ఎత్తుగడల మీద నిప్పులు చెరిగారు. చట్టం లోపల పన్ను తగ్గించుకునే ఏర్పాటు తప్పు కాదంటూ 2003లో ఆజాదీ బచావో ఆందోళన్ తీర్పు ఆ వేడిని కొంత చల్లార్చింది. విదేశంలో జరిగిన వాటాల కొనుగోలు మీద పన్ను వేయవచ్చా అన్న వివాదంలో 2012లో వోడాఫోన్ తీర్పు కంపెనీవైపు మొగ్గింది. అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని వెనుకటి తేదీనుంచి మార్చింది. 2021లో ఆ మార్పును తానే వెనక్కి తీసుకుంది.

పోర్టు ఊరిలో ఉండి కస్టమ్స్ సుంకం గురించి చెప్పకపోతే లోటే. సరుకుతో వచ్చిన నౌక ఔటర్ హార్బరు బయట లంగరు వేసి ఉండగా సుంకం రేటు పెరిగిందనుకోండి, ఏ రేటు కట్టాలి? నౌక మన ప్రాదేశిక జలాల్లోకి ప్రవేశించిన రోజుదే లెక్క అని దిగుమతిదారులు వాదించేవారు. సరుకు కస్టమ్స్ అడ్డంకి దాటి దేశంలోని సరుకులతో కలిసినప్పుడే దిగుమతి పూర్తవుతుందని 1999లో గార్డెన్ సిల్క్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రేటు తేదీని కస్టమ్స్ చట్టం 15వ సెక్షను విడిగా నిర్ణయిస్తుంది. దేశంలో వాడకానికి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాల పత్రం) దాఖలు చేసిన తేదీ లెక్కకు వస్తుంది. నౌక రాకముందే దాఖలు చేస్తే నౌకకు ప్రవేశానుమతి ఇచ్చిన తేదీని తీసుకుంటారు. సుంకం కట్టకముందు సరుకు నిలవ ఉంచే బాండెడ్ గోడౌనులో దించిన సరుకుకు, అక్కడినుంచి విడిపించుకోవడానికి ఆ బిల్లు వేసిన తేదీ వర్తిస్తుంది. గోడౌనులో సరుకు ఆపుకుని రేటు తగ్గుతుందని ఎదురుచూసేవాడు, అది పెరిగే ప్రమాదాన్ని కూడా నెత్తిన పెట్టుకున్నట్టే.

చివరగా విచారణ, గడువు. వ్యతిరేకంగా ఉత్తర్వు ఇవ్వబోతున్నప్పుడు, లేదా పన్ను కట్టేవారు రాతపూర్వకంగా కోరినప్పుడు, అధికారి వ్యక్తిగత విచారణకు అవకాశం ఇచ్చి తీరాలని జీఎస్టీ చట్టం 75వ సెక్షను 4వ ఉపసెక్షను చెబుతుంది. ఆ అవకాశం ఇవ్వని ఉత్తర్వులను హైకోర్టులు రద్దు చేసి వెనక్కి పంపిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అందుకే నోటీసుకు జవాబిచ్చేటప్పుడు విచారణ ‘అవును’ అని గుర్తు పెట్టమంటాను, వాదన ఎంత బలంగా ఉన్నా సరే. ఉత్తర్వు తెలియజేసిన తేదీ నుంచి 3 నెలల్లో, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందుగా కట్టి, 107వ సెక్షను కింద అప్పీలు వేసుకోవాలి. తగిన కారణం చూపితే అప్పిలేటు అధికారి ఇంకొక నెల వరకు ఆలస్యాన్ని మన్నించవచ్చు. ఆ తరువాత మన్నించే అధికారం ఆయనకు చట్టం ఇవ్వలేదు. అధికారం లేనిదే పన్ను లేదన్న సూత్రం మనకు ఎంత అండగా ఉందో, ఆ నెల దాటాక వచ్చినవాళ్ళకు అంత అడ్డుగానూ ఉంటుంది.