మ్యోంగ్‌జే ఇంటి నమూనా, 1:50: గోడలు లేచాయి, కప్పు సగంలో ఉంది

దక్షిణ కొరియాలోని నోన్సాన్‌లో పండితుడు యున్ జుంగ్ (1629–1714) కోసం శిష్యులు కట్టించిన ఇల్లిది. మ్యోంగ్‌జే ఆయన కలంపేరు. ఆయన మాత్రం దగ్గర్లోని పూరింట్లోనే ఉండిపోయాడంటారు.

అతిథుల కోసం ముందున్న సారాంగ్‌ఛే, ఆడవాళ్లుండే ఆన్‌ఛే గోడలు అయ్యాయి. జాగ్రత్త పడాల్సింది ఆన్‌ఛే పక్కనున్న సామాన్ల కొట్టు దగ్గర. ఈ రెండూ సమాంతరంగా ఉండవు. మధ్య సందు దక్షిణాన వెడల్పు, ఉత్తరాన ఇరుకు. వేసవిలో దక్షిణపు గాలి ఇరుకులోకి వచ్చేసరికి వేగం పుంజుకుంటుంది. చలికాలంలో ఉత్తరపు గాలి వెడల్పులోకి వచ్చి నెమ్మదిస్తుంది. అందుకే మూలమట్టం పక్కన పెట్టి, ముందు ఆన్‌ఛేని అతికించాలి. ఆ తర్వాత ప్లాను ప్రింటు మీదే కొట్టు గోడ నిలబెట్టాలి. చేయి అలవాటుగా గోడను తిన్నగా లాగేస్తుంది, అక్కడే ఇల్లు పాడవుతుంది.

కొరియా అడుగు ‘జా’ 30.3 సెం.మీ., నమూనాలో 6 మి.మీ. వాసాలు సుమారు జాకొకటి. 3 మి.మీ. వెదురు పుల్లలు చాలు. మూలల్లో అవి విసనకర్రలా విచ్చుకుంటాయి కాబట్టి లోపలి కొసలు చీలల్లా చెక్కకపోతే ఒకదానిమీదొకటి ఎక్కుతాయి.

పెంకులకు 3 మి.మీ. మందం అట్టపెట్టె సరిగ్గా కుదిరింది. లోపలి మడతల మధ్య దూరం 6 మి.మీ. పైచిలుకే. పై కాగితాన్ని తడిగుడ్డతో అద్ది ఒలవాలి. నీళ్లు ఎక్కువైతే మడతలు చదునైపోతాయి. చూరు మధ్యలో కొద్దిగా దిగి మూలల్లో లేవాలి కదా, దానికి ముందే వంచిన బద్ద పెట్టి దానిమీద అట్ట పరిస్తే సరి. రంగు బూడిదనలుపు. నిగనిగలాడే నలుపు వేస్తే ప్లాస్టిక్ బొమ్మే.

తలుపులకు కాగితం లోపలివైపు అతికించాలి, అడ్డకమ్మీలు బయటికి కనపడాలి. తిరగేస్తే జపాను ఇల్లవుతుంది. పలచని జిగురు తడికి కమ్మీలు వంకరపోతాయి. కాగితాన్ని ముందే తడిపి ఆరబెట్టి అతికిస్తే ఆ గొడవుండదు.

ఇక సారాంగ్‌ఛే పక్కన వందల కొద్దీ సోయా ఊరబెట్టే జాడీలు. ఒక్కోటి 12 నుంచి 16 మి.మీ. ఎత్తు, పొట్ట ఉబ్బుగా. కొండపల్లి పద్ధతిలో పునికి చెక్క ముక్కను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పలచగా పట్టిస్తే కుదురుతుంది. మొత్తం మక్కుతోనే చేస్తే ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. పెద్దవి వెనక, చిన్నవి ముందు వరసలో.