ధూళికట్ట చూసి వచ్చాక

పెద్దపల్లి జిల్లా ధూళికట్టలోని శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపాన్ని చూసి వచ్చినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. అక్కడ దొరికిన సున్నపురాయి పలకల్లో ఒకదాని మీద పడగలు విప్పిన ముచలింద నాగును చెక్కారు. జ్ఞానోదయం తర్వాత ధ్యానంలో ఉన్న బుద్ధుడిని ఏడు రోజుల గాలివాన నుంచి కాపాడింది ఆ నాగరాజేనని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి.

శాక్యుల ఇంట పుట్టి, 29వ ఏట ఇల్లు విడిచిన బుద్ధుడు, దుఃఖం ఉందని, దానికి తృష్ణ కారణమని, తృష్ణ నశిస్తే దుఃఖమూ నశిస్తుందని, అందుకు సరైన చూపు, మాట, నడత వంటి ఎనిమిది అంగాల అష్టాంగ మార్గం ఉందని సారనాథ్‌లో తొలిసారి బోధించాడు. మనిషిని పుట్టుకతో కాక నడతతో చూడమనడమే వీటన్నిటిలోకీ గొప్పదని నాకు తోస్తుంది.

గోదావరి ఒడ్డున నివసించిన బావరి అనే బ్రాహ్మణ గురువు తన 16 మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడని సుత్తనిపాతం అనే బౌద్ధ గ్రంథం చెబుతోంది. ఆ చోటు మన నిర్మల్ జిల్లా బాదనకుర్తేనని ఇక్కడ చాలామంది నమ్ముతారు.